ఆరేళ్ళకొచ్చే పన్ను మళ్ళీ రాదు

పోయిన వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మాయికి జడ వేస్తున్నాను. వాళ్ళ నాన్న అన్న ఏదో మాటకి అది నోరంతా తెరిచి పకపకా నవ్వింది. కింది వరసలో అన్నింటికన్నా వెనకున్న పన్ను మీద సన్నటి నల్లగీత కనబడింది. పెన్సిల్‌తో గీసినట్టుంది.

"అమ్మా, ఒకసారి ఇటొచ్చి చూడు" అని మా అమ్మని కేకేశాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఏడేళ్ళ పిల్లకి ఉండేవి పాలపళ్ళేగా! ఇవాళ కాకపోతే రేపు ఊడిపోతుంది. దానికింత హడావుడెందుకే?" అని తేల్చేసింది.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది. ఊరగాయల రోజులు, ఇంటి నిండా చుట్టాలు. పంటి డాక్టరు దగ్గరికి ఎవరు తిరుగుతారు? స్కూళ్ళు తెరిచాక అక్కడ పళ్ళ పరీక్ష చేసి, 'డాక్టరుకు చూపించండి' అని చీటీ పంపిస్తే గానీ నేను కదల్లేదు.

"ఇది పాలపన్ను కాదమ్మా" అన్నారు డాక్టరమ్మ, చిన్న అద్దం నోట్లో పెట్టి చూస్తూ. "ఈ పాప అరవై, డెబ్భై ఏళ్ళు వాడుకోవాల్సిన పన్ను. ఇది పోతే దీని వెనక ఇంకోటి లేదు."

డిగ్రీ చదువుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే అని సిగ్గేసింది. తర్వాత మా వీధిలో పదిమందిని అడిగి చూశాను. ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పాలపళ్ళు ఇరవై. అవి ఊడి వాటి స్థానంలో కొత్తవి వస్తాయని మనందరికీ తెలుసు. కానీ ఆరేళ్ళు దాటుతుండగా ఏ పన్నూ ఊడకుండానే, చివరి పాలపన్ను వెనకున్న ఖాళీలో ఒక పెద్ద దవడపన్ను లేస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ముందు పన్ను ఊడితే ఇంట్లో పండగే కదా! పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసిరేయిస్తాం, బోసినోటితో ఫోటో తీస్తాం. ఈ దవడపన్ను మాత్రం పెరటి గుమ్మంలోంచి వచ్చిన చుట్టంలా చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. ఎవరూ చూడరు. చూసినా మా అమ్మలాగే పాలపన్ననుకుంటారు.

పైగా ఆ పన్ను నమిలే వైపు లోతైన గాళ్ళుంటాయి. కొన్ని గాళ్ళు బ్రష్షు కుచ్చు కూడా దూరనంత సన్నగా ఉంటాయి. లేచే రోజుల్లో అది పక్కపళ్ళ కంటే కిందికి ఉంటుంది కాబట్టి బ్రష్షు దానిమీంచి దాటిపోతుంది తప్ప దాన్ని తాకదు. అందుకే వచ్చిన తొలి రెండు మూడేళ్ళలోనే పుచ్చే ప్రమాదం ఎక్కువ. డాక్టరమ్మ చూపించిన కిటుకు ఏమిటంటే, ఆ ఒక్క పన్ను దగ్గర బ్రష్షుని బుగ్గ వైపునుంచి అడ్డంగా పెట్టి రుద్దాలి. పన్నెండేళ్ళ ప్రాంతంలో దాని వెనక ఇంకోటి వస్తుంది. అప్పుడూ ఇదే జాగ్రత్త.

మర మోగలేదు

పంటి ఆసుపత్రి అనగానే నాకు గుర్తొచ్చేది ఆ మర శబ్దం. గుయ్యిమంటూ చెవిలోంచి మెదడులోకి దూరుతుంది. పిల్ల భయపడుతుందని దాని చెయ్యి గట్టిగా పట్టుకు కూర్చున్నాను. మర మోగనే లేదు.

డాక్టరమ్మ పన్నుని శుభ్రం చేసి, ఆరబెట్టి, మంచి వెలుతురులో చూశారు. గాడిలో రంగు పట్టింది, పుచ్చు మొదలయ్యే సూచన ఉంది, కానీ గొయ్యి పడలేదన్నారు. గాళ్ళ మీద ఏదో జెల్ రాసి, కడిగి, మళ్ళీ ఆరబెట్టారు. పలచటి రెసిన్ ద్రవం పోసి, నీలం దీపంతో కాసేపు గట్టిపరిచారు. దీన్ని సీలెంట్ అంటారట. చీమలు దూరే గోడపగులుకి మనం సిమెంటు పూసేసినట్టే. తిండి లోపలికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల మిగిలిన ఒకటీ అరా సూక్ష్మజీవులకి ఆహారం అందక అవి అక్కడే చల్లబడిపోతాయి. నాలుగు పళ్ళకీ వేశారు. సూది లేదు, నొప్పి లేదు, ఏడుపు లేదు. "మళ్ళీ ఎప్పుడొద్దాం?" అని అడిగింది మా పిల్ల!

"ఫిల్లింగ్ చెయ్యరా?" అని నేనే అనుమానంగా అడిగాను. డబ్బిచ్చాక ఏదో ఒకటి తవ్వాలి కదా అన్నట్టు.

"ఒకసారి మర పెట్టామంటే ఆ పన్ను జీవితాంతం మా చుట్టూ తిరుగుతుందమ్మా" అన్నారావిడ నవ్వుతూ.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఎందుకంటే నా ఎడమ దవడలో కింద ఒక పన్ను లేదు. దాని కథ అచ్చం అదే. ఆరో తరగతిలో చిన్న ఫిల్లింగ్ చేశారు. డిగ్రీలో అది ఊడితే, ఇంకాస్త తవ్వి పెద్దది పెట్టారు. 2014లో మా పెద్దవాడు కడుపులో ఉండగా ఆరో నెలలో ఆ పన్ను సలపడం మొదలెట్టింది. "కడుపుతో ఉన్నప్పుడు పంటి వైద్యమా? వద్దంటే వద్దు" అన్నారు ఇంట్లో అందరూ. లవంగం నొక్కిపెట్టుకుని మూడు నెలలు గడిపాను. కాన్పయ్యాక పాలిచ్చే పిల్లవాణ్ణి వదిలి ఎక్కడికెళ్తాం అని ఇంకో మూడు నెలలు. ఒక రాత్రి బుగ్గ బూరెలా వాచింది. తెల్లారి ఒక క్లినిక్‌కి వెళితే పది నిమిషాల్లో పీకి చేతిలో పెట్టారు. రూట్ కెనాల్ చేసి నిలబెట్టొచ్చేమోనని వాళ్ళూ అనలేదు, అడగాలని నాకూ తెలీదు. నొప్పి పోయింది, అదే పదివేలనుకున్నాను.

ఆ పన్ను కూడా ఆరేళ్ళకొచ్చిన పన్నేనని నాకు తెలిసింది పోయిన ఏడాది, మా అమ్మాయి పక్కన కూర్చున్నప్పుడే.

ఒక్క పన్నే కదా అనుకుంటాం. పదేళ్ళు దాటేసరికి దాని వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది. పైపన్ను ఆనుకోవడానికి ఏమీ లేక కిందికి దిగింది. వాటి సందుల్లో తిండి ఇరుక్కుంటుంది. వేరుశనక్కాయ నమలాలన్నా, చెరుకు ముక్క కొరకాలన్నా కుడివైపే.

తవ్వడం తగ్గిన కాలం

మన చిన్నప్పటి డాక్టర్లని తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళకి నేర్పిందే అది. అమెరికాలోని షికాగోలో జి.వి. బ్లాక్ అనే మహానుభావుడు 1908లో రాసిన పుస్తకం దంత వైద్యానికి ఎన్నో ఏళ్ళపాటు పెద్దబాలశిక్షలా నడిచింది. పుచ్చు పక్కనున్న గాళ్ళు కూడా రేపు పుచ్చుతాయి కాబట్టి ముందే వాటినీ కలిపి తవ్వేయమన్నది ఆయన సూత్రం. సిమెంట్లు, రెసిన్లు పంటికి అతుక్కోని ఆ రోజుల్లో ఆయన లెక్క ఆయనది. వెండి ఫిల్లింగ్ నిలబడాలంటే గొయ్యి లోతుగా, వెడల్పుగా ఉండాల్సిందే. కానీ ఏ ఫిల్లింగూ కలకాలం ఉండదు. అది ఊడినప్పుడల్లా గొయ్యి పెరుగుతుంది. చిన్న ఫిల్లింగ్ పెద్దదై, పెద్దది రూట్ కెనాలై, దాని మీద క్యాపై, చివరికి పీకుడు దగ్గర తేలుతుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, పుచ్చు ఒక్కరోజులో పడే గొయ్యి కాదు. మొదట పంటి పైపొరలోంచి ఖనిజాలు కరిగి సున్నం చుక్కలాంటి తెల్లమచ్చ పడుతుంది. ఆ దశలో మన లాలాజలమే మళ్ళీ ఖనిజాలని తెచ్చి నింపగలదు. ఫ్లోరైడ్ తోడైతే ఆ పొర ముందుకంటే గట్టిపడుతుంది. అంటే పుచ్చు వెనక్కి తిరగగలదు! గొయ్యి పడ్డాక మాత్రం తిరగదు. పంటి పైపొరలో జీవకణాలు ఉండవు, చర్మంలా అది మళ్ళీ పెరగదు.

గొయ్యి పడ్డా సరే, ఇప్పుడు పాతరోజుల్లాగా అంతా తవ్విపారేయరు. 1980ల నడుమ ఆఫ్రికాలోని టాంజానియాలో కరెంటు లేని పల్లెల్లో పళ్ళు పీకడం తప్ప ఇంకో వైద్యం అందేది కాదు. అక్కడ పనిచేసిన దంత వైద్యులు మర లేకుండా, చేతి పనిముట్లతో మెత్తబడ్డ భాగాన్ని మాత్రమే గీకి, పంటికి అతుక్కునే సిమెంటు పెట్టడం మొదలెట్టారు. దిక్కులేక చేసిన పని కాస్తా మంచి వైద్యమని తేలింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని వెనకేసుకొచ్చింది. స్కాట్లాండులో నార్నా హాల్ అనే డాక్టరు పిల్లల పుచ్చు దవడపళ్ళని (ఇవి పాలపళ్ళే) తవ్వకుండా, సూది కూడా వెయ్యకుండా పైన స్టీలు టోపీ బిగించేసేవారు. లోపలున్న పుచ్చు తిండి దొరక్క ఆగిపోయేది. ఇవాళ దాన్ని హాల్ పద్ధతి అనే పిలుస్తున్నారు.

ఇంకోటుంది, చంటిపిల్లల తల్లులు తెలుసుకోవాల్సింది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం. జపాన్‌లో 1970 ప్రాంతం నుంచీ వాడుకలో ఉంది. చుక్క ద్రవాన్ని చిన్న కుంచెతో పుచ్చు మీద అద్దుతారు. చాలావరకు పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. ఒక్కటే చిక్కు, పుచ్చిన చోటు బొగ్గులా నల్లబడుతుంది. ముందు పన్నయితే తల్లులు ఒప్పుకోరు, న్యాయమే. కానీ మరకి బెదిరి గుక్కపట్టే మూడేళ్ళ పిల్లకి, మంచం దిగలేని పెద్దవాళ్ళకి అది పెద్ద వరం. ఆ ద్రవాన్ని, గ్లాస్ అయొనమర్ సిమెంటుని, ఫ్లోరైడ్ పేస్టుని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పళ్ళపేస్టు మందుల జాబితాలోకెక్కిందంటే చూడండి!

మా అమ్మకి ఫ్లోరైడ్ అంటే మంట

పేస్టు దగ్గరే మా ఇంట్లో యుద్ధం మొదలైంది. డాక్టరమ్మ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడమన్నారని చెప్పగానే అమ్మ మొహం మారిపోయింది. "ఆ మాయదారిది మా నోళ్ళు పాడుచేసింది చాల్లేదా? పసిదానికి చేజేతులా పెడతావా?"

అమ్మది కనిగిరి వైపు పల్లెటూరు. 1937లోనే బ్రిటిష్ ప్రభుత్వ కాలపు వైద్యులు షార్ట్, మరికొందరు కలిసి మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి తొలి వ్యాసం రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించి. కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. అమ్మ చిన్నప్పుడు తాగింది బోరు నీళ్ళే. ఆవిడ పళ్ళు ఇటుకరంగు చారలతో ఉండేవి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అమ్మ నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వేది. నా పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆవిడ పెదవులు విడి ఉండవు.

మా తమ్ముడి పెళ్ళి ఖాయమైనప్పుడు, ఎవరో చుట్టాలావిడ సలహా ఇచ్చింది. "ఆ పళ్ళతో వియ్యాలవారి ముందు ఎలా తిరుగుతావు వదినా? అన్నీ పీకించి సెట్టు కట్టించుకో. ముత్యాల్లా ఉంటాయి." అప్పటికి అమ్మకి యాభై దాటాయి. పళ్ళకి రంగు తప్ప మరే జబ్బూ లేదు. కదిలేవి కూడా కాదు. చెరుకు కొరికి తినేది. నాలుగైదు విడతలుగా అన్నీ పీకించేసుకుంది. పెళ్ళి ఫోటోల్లో హాయిగా నవ్వింది. ఆ ఒక్క ఏడాదీ.

తర్వాత దవడ ఎముక కుంచించుకుపోతూ వచ్చింది. పళ్ళ వేళ్ళు లేని ఎముక అలాగే అరిగిపోతుందట. సెట్టు వదులైంది. రెండోది కట్టించాం, అదీ వదులైంది. ఇప్పుడు జంతికలు చెయ్యడం ఆవిడే, తినడం మేము. జామకాయని గీరి తింటుంది. పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళతో మాట్లాడుతూ తినదు, సెట్టు జారుతుందని భయం. పైపొరని అతి పలచగా మెరుగుపెట్టి, రెసిన్ ఇంకించి, మరకలు బాగా తగ్గించే వైద్యం ఇవాళ ఉంది. మరీ ముదురు రంగైతే పన్ను ఉంచేసి పైన పలచటి తొడుగు అతికిస్తారు. రంగు బాలేదని పన్ను పీకించుకోమనే చుట్టాలు మీకూ ఉంటే, ఈ మాట వాళ్ళకి వినిపించండి.

అలాంటి అమ్మకి ఫ్లోరైడ్ మంచిదని చెప్పడం ఎలా? ఈసారి ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. "ఉప్పు చిటికెడు వేస్తే కూర, గుప్పెడు వేస్తే విషం కదండీ పెద్దమ్మా! మీ నోళ్ళు పాడుచేసింది మీరు మింగిన నీళ్ళు. చిగురు లోపల పళ్ళు తయారయ్యే చిన్న వయసులో రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి పోయింది కాబట్టి మరకలు పడ్డాయి. పేస్టు మింగేది కాదు. పంటి పైన రాసి ఉమ్మేసేది."

నీళ్ళలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే మంచినీళ్ళేనని, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. మేము తాగేది శుద్ధిచేసిన టిన్ను నీళ్ళు. వాటిల్లో ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. ఇప్పటికీ బోరు నీళ్ళే తాగే ఊళ్ళలో ఉన్నవాళ్ళు మాత్రం పిల్లల పేస్టు విషయం డాక్టరుని అడిగి తీరాలి. మిగతావాళ్ళకి లెక్క సులువే. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపుగింజంత. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠానీగింజంత. టీవీ ప్రకటనలో బ్రష్షు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెలికలు తిరిగే పేస్టు వాళ్ళ అమ్మకానికి, మన పళ్ళకి కాదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తల్లో తండ్రో పక్కన నిలబడి తోమించాలి. వాళ్ళ చేతికి ఆ నైపుణ్యం రాదు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలట. గ్లాసుడు నీళ్ళతో పుక్కిలిస్తే పని చెయ్యాల్సిన ఫ్లోరైడ్ అంతా సింకులోకి పోతుంది. నలభై ఏళ్ళ అలవాటు, మొదటి వారం నోరంతా అదోలా ఉంది. ఇప్పుడు అలవాటైంది.

సున్నుండ ఎప్పుడు తినాలి?

తీపి తింటే పళ్ళు పుచ్చుతాయని మనకి తెలుసు. ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యమని తెలీదు. అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ అనే ఆయన 1940లలో పంటి పాచి మీద కొలిచి చూశాడు. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే అక్కడ ఆమ్లం పెరుగుతుంది. మళ్ళీ మామూలవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ గంటలోపే మరో బిస్కెట్టు, ఆ తర్వాత మరో చాక్లెట్టు పడితే పంటికి తేరుకునే వ్యవధే ఉండదు.

ఈ సంగతిని ఇంకా గట్టిగా తేల్చిన ప్రయోగం స్వీడన్‌లో జరిగింది. చదివితే కడుపు తరుక్కుపోతుంది. లుండ్ అనే ఊళ్ళో విపెహోల్మ్ అనే మానసిక వికలాంగుల ఆసుపత్రి ఉండేది. 1947 నుంచి కొన్నేళ్ళపాటు అక్కడి రోగుల్లో కొందరికి భోజనంతో పాటు తీపి పెట్టారు. కొందరికి భోజనాల మధ్య పళ్ళకి అతుక్కునే టాఫీలు పెట్టారు. భోజనంతో తిన్నవాళ్ళకి పెద్దగా తేడా రాలేదు. మధ్యమధ్యలో టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు దారుణంగా పుచ్చిపోయాయి. కాదనలేని మనుషులు వాళ్ళు, వద్దని చెప్పే నోరు లేనివాళ్ళు. స్వీడన్ పిల్లలు ఇప్పటికీ శనివారం ఒక్కరోజే మిఠాయి తినే అలవాటు ఆ ఫలితాల వల్లే వచ్చింది. ఆ పిల్లల పళ్ళు ఎవరి పళ్ళ ఖరీదుతో నిలబడ్డాయో మర్చిపోకూడదనిపించింది నాకు.

మా ఇంట్లో తీపి మానలేదు, వేళ మార్చాం. సున్నుండ, జీడి, అరిసె ఏదైనా అన్నం తిన్న వెంటనే తినెయ్యాలి. సాయంత్రం పొడుగునా చాక్లెట్టు చప్పరించడం లేదు. రాత్రి పాలల్లో పంచదార ఉంటే తాగాకే బ్రష్షు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి తోమడం పొద్దున్నకంటే ముఖ్యం. మా వారు రోజుకి ఆరు టీలు తాగుతారు, ఆరింటికీ పంచదారే. రెండింటికి తగ్గించమంటే "నా పళ్ళు నా ఇష్టం" అంటున్నారు. ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

మా అత్తయ్యగారికి డెబ్భై ఆరేళ్ళు. మూడు పళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. ఆవిడ దాన్నంతా వేపపుల్ల ఖాతాలో వేస్తారు. కాదనను గానీ, రోజుకి రెండుపూటలా భోజనం తప్ప ఆవిడ మధ్యలో ఏదీ నోట్లో వేసుకోగా నేను చూడలేదు. అసలు రహస్యం అక్కడుందని నా అనుమానం. వేపపుల్ల మెత్తగా నమిలి వాడితే ఇబ్బంది లేదు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం పంటి పైపొరని గీకేస్తాయి.

రక్తం వస్తే మానెయ్యకండి

పళ్ళు పోయేది పుచ్చుతోనే కాదు. నొప్పి లేకుండా, చప్పుడు చెయ్యకుండా చిగుళ్ళ జబ్బు పళ్ళని కదిలించేస్తుంది. తోముతుంటే రక్తం కనబడగానే మనం ఏం చేస్తాం? అక్కడ బ్రష్షు పెట్టడం మానేస్తాం. అది తప్పు. పాచి పేరుకుంది కాబట్టే చిగురు వాచింది, వాచింది కాబట్టే రక్తం. మెత్తటి కుచ్చుల బ్రష్షుతో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమాలి. పదిరోజులైనా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గట్టిపడిన గార బ్రష్షుకి రాదు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయట కదా?" అని అడగని ఇల్లాలు లేదు. వేళ్ళ చుట్టూ ఎముక అప్పటికే కొంత పోయి, ఆ చోటంతా గార నిండి ఉంటుంది. గార తీసేశాక సందులు నాలుకకి తగులుతాయి. గారని ఉంచేస్తే మిగిలిన ఎముకా పోతుంది. షుగరున్నవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. షుగరు పెరిగితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగరు అదుపులోకి రాదు. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

గర్భిణులకి చిగుళ్ళు వాయడం మామూలే, హార్మోన్ల వల్ల. కాన్పుకో పన్ను పోతుందనీ, బిడ్డ తల్లి పళ్ళలోంచి సున్నం లాక్కుంటాడనీ పెద్దవాళ్ళంటారు. అలా జరగదు. వాంతుల్లో వచ్చే ఆమ్లం, మాటిమాటికీ తినే చిరుతిళ్ళు, వాసన పడక తోమడం తగ్గించడం, ఇవీ కారణాలు. వాంతి అయిన వెంటనే బ్రష్షు పట్టుకోకండి, మెత్తబడ్డ పైపొర అరిగిపోతుంది. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంటాగి తోముకోండి. ఫిల్లింగైనా, క్లీనింగైనా, రూట్ కెనాలైనా గర్భంతో ఉన్నప్పుడు చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మరీ అనువైన సమయం. ఎన్నో నెలో డాక్టరుకి చెప్పాలి, అంతే. నేను లవంగం నొక్కిపెట్టుకున్నది సరిగ్గా ఆ ఆరో నెలలోనే!

అడగండి, తప్పులేదు

అందరు డాక్టర్లూ మా డాక్టరమ్మలా ఉండరు. మూడు పళ్ళకి ఫిల్లింగు, రెండింటికి రూట్ కెనాల్ అని చీటీ రాసిచ్చేస్తే మనం బిత్తరపోతాం. తొందరపడక్కర్లేదు. ఈ మచ్చ పెరుగుతోందా, ఆగి ఉందా? ఎక్స్‌రేలో ఎంత లోతుకి కనబడుతోంది? ఫ్లోరైడ్ వార్నిష్ పూసి ఆరు నెలలు చూడొచ్చా? పన్ను పీకకుండా ఉంచే దారి ఏదైనా ఉందా? ఇవి అడిగితే మంచి డాక్టరు సంతోషిస్తారు. విసుక్కుంటే ఇంకో డాక్టరుని చూడండి. ఖర్చుకి భయపడేవాళ్ళకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయట క్లినిక్కుల కంటే తక్కువకే చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, చేతిసంచిలో పుస్తకం పెట్టుకెళ్ళండి.

ఇంటిల్లిపాదికీ అపాయింట్‌మెంట్లు తీసుకునేది మనమే. మన పంటి దగ్గరికొచ్చేసరికి, "చూద్దాంలే, పండగెళ్ళాక" అంటాం. పిల్లకి సీలెంట్ వేయించిన రోజు డాక్టరమ్మ, "మీరు కూడా ఒకసారి కూర్చోండి" అంటే, "నాకే నొప్పీ లేదండీ" అన్నాను. "అందుకే కూర్చోమంటున్నాను" అన్నారు. చూస్తే ఒరిగిన పన్ను పక్కన చిగురులో గార, పైపన్ను మీద ఒక తెల్లమచ్చ. గార తీశారు. మచ్చ మీద వార్నిష్ పూశారు. తవ్వలేదు. మొన్న ఆరు నెలలకి వెళితే మచ్చ పెరగలేదన్నారు. అమ్మాయి సీలెంట్లలో ఒకటి అంచు లేస్తే మళ్ళీ సరిచేశారు.

మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ వంటింటి క్యాలెండరులో గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కన రాసిపెట్టాను. అమ్మ ఈసారి తానూ వస్తానంటోంది. సెట్టు కింద చిగురు ఒరుసుకుపోతోందట, ఎన్నాళ్ళనుంచో. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగితే, "పళ్ళు లేనిదానికి పంటి డాక్టరెందుకే అనుకున్నాను" అంది.